పరోక్ష కథనం (ఆంగ్ల వ్యాకరణం)

ఒకరు చెప్పిన విషయాన్ని, వారి పదాలను యథాతథంగా ఉంచకుండా, తెలియజేసేవారి వైపు నుండి మరొకరికి చెప్పడాన్ని పరోక్ష కథనం అంటారు. ఆంగ్లంలో దీనిని రిపోర్టెడ్ స్పీచ్ లేదా ఇన్‌డైరెక్ట్ స్పీచ్ అని పిలుస్తారు. చెప్పినవారి మాటలను ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉన్నదున్నట్లు ఇస్తే అది ప్రత్యక్ష కథనం. తెలుగు వ్యాకరణంలోనూ ఈ విభాగం ఉన్నది. చేకూరి రామారావు 1975లో వెలువడిన తెలుగు వాక్యం గ్రంథంలో దీనిని అనుకృతి అనే పేరుతో వివరించాడు.

తెలుగుకు, ఆంగ్లానికి భేదం

తెలుగులో చెప్పిన మాట ముందు వచ్చి, దాని చివర "అని" చేరుతుంది. ఇది "అను" అనే క్రియ నుండి ఏర్పడిన పదం. ఆంగ్లంలో "దట్" అనే పదం చెప్పిన మాటకు ముందు వస్తుంది.

"తాను వస్తానని రాజు చెప్పాడు" అనే వాక్యంలో "నేను" అనే పదం "తాను"గా మారినా, "వస్తాను" అనే క్రియ ఉత్తమ పురుషలోనే నిలిచి ఉన్నది. కాలం కూడా మారలేదు. ఆంగ్లంలో "రాజు సెడ్ దట్ హి వుడ్ కమ్" అంటారు. ఇక్కడ "ఐ" అనే సర్వనామం "హి"గాను, "విల్" అనే సహాయక క్రియ "వుడ్"గాను మారాయి.

తెలుగులో "నేను వస్తానని రాజు చెప్పాడు" అన్నప్పుడు "నేను" అంటే రాజు కావచ్చు, వాక్యం పలికినవారూ కావచ్చు. సందర్భాన్ని బట్టి అర్థం తెలుస్తుంది. దీనినే మాటకు మాటగా "రాజు సెడ్ దట్ ఐ వుడ్ కమ్" అని ఆంగ్లంలో చెబితే, వచ్చేది రాజు కాదు, ఆ వాక్యం పలికిన వ్యక్తి అవుతాడు. సర్వనామంలో పొరపాటు జరిగితే ఒకరి మాట మరొకరి మీద పడుతుంది.

కాలంలో మార్పులు

"సెడ్", "టోల్డ్" వంటి భూతకాల క్రియతో మొదలైనప్పుడు సాధారణంగా లోపలి వాక్యం ఒక మెట్టు వెనుకకు జరుగుతుంది.

* "ఈజ్", "యామ్" అనేవి "వాజ్"గా, "ఆర్" అనేది "వర్"గా మారతాయి.
* "హ్యావ్", "హ్యాజ్" సహాయక క్రియలైనప్పుడు "హ్యాడ్" అవుతాయి.
* "విల్" అనేది "వుడ్"గా, "క్యాన్" అనేది "కుడ్"గా, "మే" అనేది "మైట్"గా మారతాయి.
* సామాన్య భూతకాలం "హ్యాడ్"తో కూడిన రూపాన్ని పొందుతుంది. "ఐ సోల్డ్ ద కాటన్ ఎస్టర్‌డే" అని రైతు అన్న మాట "హి సెడ్ దట్ హి హ్యాడ్ సోల్డ్ ద కాటన్ ద ప్రీవియస్ డే" అవుతుంది.

"సేస్" వంటి వర్తమాన క్రియతో మొదలైతే కాలం మారదు. నిత్య సత్యాలను, ఇప్పటికీ నిజమైన విషయాలను మార్చనవసరం లేదు. "హి సెడ్ దట్ బోథ్ ఈజ్ ఇన్ ఆదిలాబాద్ డిస్ట్రిక్ట్" అనడం సరైనదే.

కాల, స్థల పదాలు

"టుమారో" అనేది "ద నెక్స్ట్ డే"గా, "హియర్" అనేది "దేర్"గా మారతాయని పాఠ్యపుస్తకాలలో పట్టికలు ఉంటాయి. అయితే ఈ మార్పు యాంత్రికమైనది కాదు. "బ్రింగ్ ద చైల్డ్ టుమారో" అని వైద్యుడు సోమవారం చెప్పాడనుకుందాం. ఆ మాటను సోమవారమే ఇంట్లో చెబితే "టుమారో" అలాగే ఉంటుంది. మంగళవారం చెబితే "టుడే" అవుతుంది. బుధవారం చెప్పేటప్పుడు "టుమారో" అనే ఉంచితే వినేవారు గురువారం అని అర్థం చేసుకుంటారు.

ప్రశ్నలు, ఆజ్ఞలు

అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నలకు "ఇఫ్" లేదా "వెదర్" చేరుతుంది. మిగిలిన ప్రశ్నలలో ప్రశ్నార్థక పదమే కలుపుతుంది. రెండింటిలోనూ పదక్రమం మామూలు వాక్యం వలె మారాలి. "వేర్ ఈజ్ పొచ్చెర?" అనే ప్రశ్న "హి ఆస్క్‌డ్ వేర్ పొచ్చెర వాజ్" అవుతుంది. పొచ్చెర జలపాతం ఇప్పటికీ అక్కడే ఉన్నది కనుక "ఈజ్" అన్నా తప్పు కాదు. ఆజ్ఞలలో క్రియకు ముందు "టు", వద్దన్నప్పుడు "నాట్ టు" వస్తాయి.

బహుభాషా ప్రాంతాలలో

మహారాష్ట్ర సరిహద్దుకు చేరువలో ఉన్న బోథ్ పరిసరాలలో తెలుగుతో పాటు గోండీ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ భాషలు వినిపిస్తాయి. ఉర్దూలో "ఉస్ నే కహా కి మై ఆవూంగా", మరాఠీలో "తో మ్హణాలా కీ మీ యేఈన్" అంటారు. ఈ "కి", "కీ" అనే పదాలు ఆంగ్లంలోని "దట్" స్థానంలోనే వస్తాయి గాని, "నేను" అనే సర్వనామం, కాలం మారకుండా ఉంటాయి. కనుక ఈ భాషలు తెలిసిన విద్యార్థికి "దట్" స్థానం సులభంగానే అలవడుతుంది. సర్వనామం, కాలం విషయంలోనే ఎక్కువ సాధన అవసరం. 2022-23 విద్యాసంవత్సరం నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 1 నుండి 8 తరగతులకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టడంతో ఈ పాఠం చిన్న తరగతుల వారికి కూడా అవసరమైనది.

సాధారణంగా జరిగే పొరపాట్లు

* "నాకు చెప్పాడు" అనే తెలుగు వాడుకను అనుసరించి "టోల్డ్ టు మి" అనడం. "టోల్డ్ మి" లేదా "సెడ్ టు మి" అనాలి.
* పరోక్ష ప్రశ్న చివర ప్రశ్నార్థకం ఉంచడం. "హి ఆస్క్‌డ్" అని మొదలైన వాక్యం పూర్ణ బిందువుతో ముగియాలి.
* "ఆస్క్‌డ్ దట్ ఇఫ్" అని రెండు అనుసంధాన పదాలు వాడడం. "ఇఫ్" ఒక్కటే చాలు.

అభ్యాస క్రమం

వాక్యాన్ని మార్చే ముందు నాలుగు విషయాలు చూసుకోవాలి. ఎవరు చెప్పారు, ఎవరితో చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఆ మాటను ఇప్పుడు ఎక్కడి నుండి తెలియజేస్తున్నారు. మొదటి రెండింటితో సర్వనామాలు, మూడవదానితో క్రియాకాలం, మూడు, నాలుగు కలిపి చూస్తే కాల, స్థల పదాలు తేలుతాయి.