ఎన్ని విజిల్లు? పెద్దకూర ఉడుకు వెనక చరిత్ర

స్టేక్ వడ్డించే హోటల్లో ఎవరు కూర్చున్నా ముందుగా వచ్చే ప్రశ్న ఒకటుంది: ఎంతవరకు కాల్చమంటారు? లోపల ఎర్రగా ఉంటే రేర్, గులాబీ రంగుకు వస్తే మీడియం, పూర్తిగా ఉడికితే వెల్ డన్. ఇది ఎవరి ఇష్టం వాళ్లదని పైకి అంటారు గాని, పూర్తిగా ఉడికించమన్నవాణ్ణి తినడం రానివాడిగా చూడటం ఆ లోకంలో మామూలే. పంజాగుట్ట చౌరస్తా దాటి అమీర్‌పేటకు వస్తే పరిస్థితి వేరు. 1990ల చివర్నించి మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటర్ కోర్సుల కోసం, పోటీ పరీక్షల కోసం పల్లెల నుంచి వచ్చిన పిల్లలతో హాస్టళ్లు నిండినయి. వీళ్లలో మాల మాదిగ పిల్లలూ ఉన్నరు. ఆదివారం మెస్సులో చికెన్ పెడతరు. పెద్దకూర ఎట్ల ఉడకాలె అన్న ప్రశ్న అటుంచండి, అసలు పెద్దకూర అన్న మాటే అక్కడ రాదు.

రుచి వ్యక్తిగతమని చెప్పే మాటలో సగమే నిజం ఉంది. ఏ పశువు, ఎంత వయసుది, అందులో ఏ భాగం, దాన్ని ఎంచుకునే హక్కు ఎవరిది - ఇవి తేలినాకనే నాలుక దగ్గరికి వస్తం. మనోళ్లు మాంసాన్ని బాగా ఉడకబెట్టుకుంటరంటే అది రుచి తెలియనితనం కాదు. దాని వెనక శ్రమ ఉంది, చట్టం ఉంది, కులం ఉంది.

పశువు వయసు

స్టేక్ కోసం పడమటి దేశాల్లో పశువును మాంసానికనే పెంచుతరు. సాధారణంగా రెండేళ్లు అటూఇటూగా కోస్తరు. వెన్ను పక్కన, ఎక్కువ పని చేయని కండను తీసుకుంటరు. అది లేత కండ గనక పెనం మీద నిమిషాల్లో అయిపోతుంది. లోపల వేడి సుమారు 50 డిగ్రీలుంటే రేర్, 60 దగ్గర మీడియం, 70 దాటితే వెల్ డన్.

మన వాడల్లోకి వచ్చిన పశువు అట్లాంటిది కాదు. ఏండ్లకేండ్లు నాగలి లాగిన ఎద్దు, ఈతలన్నీ అయిపోయి పాలు మానేసిన బర్రె. పనిచేసిన కండలో, ముదిరిన వయసులో కొల్లాజెన్ అనే పీచు గట్టిపడుతుంది. 70 డిగ్రీలు దాటిన వేడిలో, నీళ్లలో, గంటల తరబడి ఉడికితేనే అది కరిగి జిగురవుతుంది. పాత బర్రె తొడను పెనం మీద రేర్‌గా కాల్చితే ఎంత పెద్ద వంటగాడు చేసినా నమలలేం. సన్నటి సెగ మీద సగం పూట ఉడికించడం మన తల్లులు కనిపెట్టుకున్న శాస్త్రం.

చట్టం కూడా ఇదే దారిలో నడిచింది. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ఆవునూ దూడనూ కోయగూడదన్నది. ఎద్దుకూ బర్రెకూ అయితే, ఇక వ్యవసాయానికీ పాలకూ సంతానానికీ పనికిరాదని అధికారి సర్టిఫికెట్ ఇవ్వాలె. అంటే సక్రమంగా దొరికే పెద్దకూర ముసలి పశువుదే కావాలని శాసనమే రాసి పెట్టింది. పడమటి స్టేక్‌ను కొలిచే కొలతతో ఈ కూరను కొలవడం అన్యాయం.

పోగు

వెట్టి కాలంలో ఊరి పశువు చస్తే ఈడ్చుకుపోవలసింది మాదిగలు. తోలు ఒలిచి, ఊనబెట్టి, చెప్పులూ మోట బొక్కెనలూ చేసి ఊరికి ఇయ్యాలె. మాంసం వాళ్లకు మిగిలింది. ఎప్పుడు చచ్చిందో, ఏ రోగంతో చచ్చిందో ఎంచుకునే వీలు లేనోళ్లకు బాగా ఉడికించడం, ఎర్రటి ఎండలో ఆరబెట్టడం ప్రాణరక్షణ. పచ్చిదనం ముచ్చట కావాలంటే ముందు ఆ పశువు ఎక్కడిదో తెలిసుండాలె గదా.

పంపకంలో మాత్రం మనకొక నీతి ఉంది. పశువును కోసినా, కొన్నా పోగులు పెట్టేవాళ్లు. ప్రతి పోగులో మెత్తటి కండ కొంత, బొక్కలు కొన్ని, కార్జం ముక్క, బోటి, కొవ్వు. ఏ ఇంటికీ మంచి భాగం ఒక్కటే పోదు, ఏ ఇంటికీ బొక్కలొక్కటే రావు. స్టేక్ అంటే ఒక మనిషికి ఒక మేలైన భాగం. పోగు అంటే ఇంటింటికీ అన్ని భాగాలు.

అందుకే మనోళ్లకు ఇష్టాయిష్టాలు లేవనుకోగూడదు. ఉన్నయి, చాలా ఉన్నయి. కార్జాన్ని నిప్పుల మీద కాల్చి ఉప్పుకారం అద్దుకునేవాళ్లున్నరు. మూలుగ బొక్క కోసం కొట్లాడుకునే పిల్లలున్నరు. పళ్లు లేని ముసలమ్మకు గుజ్జయ్యేదాకా ఉడకాలె. పనికి పోయే మనిషికి పంటి కింద కొంచెం పట్టు తగలాలె. గోంగూరతోటి కొందరికి, చింతచిగురుతోటి కొందరికి. ఎండు తునకలను దంచి వేయించుకుంటే వానకాలమంతా ఆసరా. ఇవన్నీ ఎంపికలే. ఏ వంటల పుస్తకం వీటికి పేరు పెట్టలేదు.

పసందా, కంటోన్మెంటు

హైదరాబాద్‌లో ‘పసందా’ అనే వంటకం ఉంది. పసంద్ అంటే ఇష్టం. మేలైన కండను పలుచగా కోసి, కొట్టి, పచ్చి బొప్పాయి పట్టించి మెత్తబరచి వండుతరు. భాగాన్ని ఏరుకోగలిగినోళ్ల వంటకు ఇష్టమనే పేరే నిలిచింది. అదే నగరంలో బర్రె మాంసంతో చేసే కల్యాణి బిర్యానీ ఉంది. ఇవాళ్టి బసవకల్యాణ్ నవాబుల దేవిడీలో, ఆ ఊరి నుంచి వచ్చినవాళ్లకు పెట్టిన భోజనమని చెప్పుకుంటరు. చిన్న ముక్కలు, టమాట, ధనియాలు, జీలకర్ర. తక్కువ డబ్బులకు కడుపు నింపుతుంది గనక పేదల బిర్యానీ అన్నరు. ఏ కులమని అడగకుండా పెద్దకూర పెట్టిన హోటళ్లు ఈ నగరంలో ఎక్కువగా ముస్లింలవే.

1806లో సికింద్రాబాద్ ఏర్పడ్డది. కంటోన్మెంటుతో ఇంగ్లీషు దొరల స్టేక్ వచ్చింది. ఆ బంగళాల్లో బట్లర్లుగా, వంటవాళ్లుగా కుదిరినవాళ్లలో మాలలు ఉన్నరు. దొరకు ఎంత ఉడకాలో తెలిసినోళ్లు వాళ్లు. వాళ్లకు ఎంత ఉడకాలో అడిగినోళ్లు లేరు.

విడిచిపెట్టడం, పట్టుకోవడం

హైదరాబాద్ దళిత ఉద్యమానికి ఆద్యుడు భాగ్యరెడ్డి వర్మ. 1906లో జగన్మిత్ర మండలి పెట్టినప్పటి నుంచి కల్లు, జోగిని ఆచారం, జంతుబలి మానాలని ప్రచారం చేసినరు. 1927లో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన పశువు మాంసం తినొద్దని చెప్పినరు. దీన్ని శాకాహార ప్రచారంతో కలిపి చూడగూడదు. ఆయన వద్దన్నది వెట్టితో వచ్చిన మాంసాన్ని. 1948లో అచ్చయిన అంటరానివారి గురించిన పుస్తకంలో ఆయనే, బ్రాహ్మణులు ఒకప్పుడు గోమాంసం తిన్నరనీ, బౌద్ధంతో పోటీలో మానేసినరనీ, మానలేని ఓడిన తెగలవాళ్లు అంటరానివాళ్లైనరనీ వాదించినరు. ఒక కూర చుట్టూ ఇంత చరిత్ర తిరిగింది.

తరువాతి తరం అదే కూరను బహిరంగంగా పట్టుకున్నది. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా యూనివర్సిటీలో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ జరిపినరు. హాస్టల్ మెస్సులో మా తిండి ఎందుకుండదన్నది వాళ్ల ప్రశ్న. దానికి జవాబుగా దాడులు జరిగినయి. 2015 డిసెంబర్ 10న, మానవ హక్కుల దినం నాడు మళ్లీ జరపాలనుకుంటే కోర్టు ఆదేశాలూ పోలీసులూ అడ్డంపడ్డరు. విడిచిపెట్టమన్నదీ, పట్టుకోమన్నదీ రెండూ ఆత్మగౌరవం కోసమే. ఆ రెంటి మధ్య వైరుధ్యం లేదు. తినాలా వద్దా అని తేల్చుకునే అధికారం తినేవాడి చేతికి రావాలన్నదే రెండు చోట్లా ఉన్న సంగతి.

కుక్కరు మూత

మళ్లీ అమీర్‌పేటకే వద్దాం. అద్దె ఇళ్లలో పొయ్యి మీద సగం పూట ఉడికించే వీలు లేదు. ప్రెషర్ కుక్కరు సుమారు 120 డిగ్రీల దాకా పోతది గనక గంటల పని నిమిషాల్లో అవుతది. ఎంత ఉడకాలె అన్న ప్రశ్న ‘ఎన్ని విజిల్లు?’గా మారింది. ఒక ఇంట్లో ఆరు, ఇంకో ఇంట్లో పది. మన లెక్కన రేరూ వెల్ డన్నూ ఇవే. అయితే కుక్కరుకు ఇంకో ఉపయోగం కూడా ఉన్నది. ‘వెజిటేరియన్లకే’ అని బోర్డు వేలాడే గల్లీల్లో మూత బిగిస్తే వాసన కొంత ఆగుతది. ఇంటి ఓనరు అడిగితే ‘మటన్’ అని చెప్పే మనోళ్లు ఎందరో. తన కూర పేరు తాను చెప్పుకోలేని మనిషికి, అది ఎట్ల ఉడకాలో చెప్పే స్వేచ్ఛ ఉందనుకోవడం బూటకం.

పరిశోధక విద్యార్థులకు ఇక్కడ పని ఉంది. 2009లో పుణె యూనివర్సిటీ మహిళా అధ్యయన కేంద్రం దళితుల తిండి జ్ఞాపకాలను పుస్తకంగా తెచ్చింది. 2015లో షాహు పటోలే మరాఠ్వాడా దళిత వంటిళ్ల మీద మరాఠీలో పుస్తకం రాసినరు. తెలుగులో మన వంటిళ్ల చరిత్ర ఆ స్థాయిలో రాసుకోవాలె. పోగులు పెట్టిన చేతులు, బంగళాల్లో వండినోళ్ల మనవళ్లు, కసాయి గల్లీల్లో ఏ భాగం ఎవరు అడుగుతరో తెలిసినోళ్లు ఇంకా ఉన్నరు. అమ్మలను అడగండి. ఎన్ని విజిల్లు, ఏ ఆకుతో, ఎవరికోసం, ఎవరికి తెలియకుండా - అన్నీ రాసిపెట్టండి.