తల్లి వైపు నుంచి వచ్చిన ఇంటిపేరు

మన ఆడవాళ్ళలో చాలామందికి రెండేసి ఇంటిపేర్లు. పదో తరగతి సర్టిఫికెట్ మీద పుట్టింటిది, రేషన్ కార్డు మీద అత్తింటిది. రెండూ ఒకే మనిషివని ఒప్పించడానికి స్టాంపు కాగితం మీద ఒక అఫిడవిట్. డాక్టరేట్ పట్టా తీసుకునే ముందు నేనూ ఒకటి రాసిచ్చాను. సంతకం పెడుతుంటే ఒక సందేహం వచ్చింది. వందేళ్ళ తర్వాత ఎవరైనా ఇంటిపేరు పట్టుకుని వంశాన్ని వెతికితే నేను ఏ కొమ్మ మీద దొరుకుతాను? మా అమ్మమ్మ సంగతేమిటి? పుట్టింటి వంశవృక్షంలో ఆమె లేదు, అత్తింటి దానిలో ‘భార్య’ అన్న ఒక్క మాటలో ఉంది.

ఆ సందేహంతోనే అమెరికాలో తొలి కాలపు కుటుంబాల చరిత్రలు చదవడం మొదలుపెట్టాను. వాటిలో నన్ను వదలకుండా పట్టుకున్నది ‘హెమింగ్స్’ అనే ఇంటిపేరు. వర్జీనియా వలస రాజ్యంలో 1735 ప్రాంతాల్లో పుట్టిన ఎలిజబెత్ హెమింగ్స్ అనే బానిస స్త్రీతో మొదలై, అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఇంటి లోపలి నుంచి నడిచి, నేటి దాకా వచ్చిన పేరు అది. మనం ‘ఇంటిపేరు’ అంటాం. ఆ మాటలోనే ఇల్లుంది. ఇల్లు మాట అటుంచి, ఒళ్ళే తమది కాని వాళ్ళకి ఇంటిపేరు ఎలా వస్తుంది? ఎవరి నుంచి ఎవరికి అందుతుంది?

దీనికి జవాబు ముందు ఒక చట్టంలో ఉంది. 1656లో వర్జీనియాలో ఎలిజబెత్ కీ అనే స్త్రీ తనకు విడుదల కావాలని కోర్టుకు వెళ్ళి గెలిచింది. ఆమె తల్లి ఆఫ్రికన్, తండ్రి ఇంగ్లీషువాడు. ఇంగ్లీషు సంప్రదాయంలో బిడ్డకు తండ్రి స్థితి వస్తుంది కాబట్టి తను స్వతంత్రురాలినని ఆమె వాదన. ఆ దారి మూసేయడానికి పాలకులకు ఎక్కువ కాలం పట్టలేదు. 1662లో వర్జీనియా శాసనసభ కొత్త చట్టం చేసింది. నల్లజాతి స్త్రీకి ఇంగ్లీషు పురుషుడి వల్ల పుట్టిన బిడ్డకు తల్లి స్థితే వర్తిస్తుందని అది చెప్పింది. తండ్రి ఎవరైనా సరే, తల్లి బానిసైతే బిడ్డా బానిసే.

ఆస్తీ బిరుదూ పేరూ అన్నీ తండ్రి నుంచి కొడుక్కి అందే సమాజం, ఒక్క బానిసత్వాన్ని మాత్రం తల్లి గర్భం గుండా పంచింది. ఇది తల్లికి ఇచ్చిన గౌరవమని ఎవరూ పొరబడరు. యజమాని తన బానిస స్త్రీ మీద చేసిన అత్యాచారానికి శిక్ష లేకపోగా, దానివల్ల పుట్టిన బిడ్డ అతని ఆస్తి లెక్కలో చేరుతుంది. 1820లో జెఫర్సన్ తన అల్లుడు జాన్ వేల్స్ ఎప్స్‌కి రాసిన ఉత్తరంలో, పొలంలో పనిచేసే మేటి మగవాడి కంటే రెండేళ్ళకొక బిడ్డను కనే స్త్రీ వల్లే ఎక్కువ లాభమని లెక్క చెప్పాడు. ఆ అల్లుడికున్న ‘జాన్ వేల్స్’ అనే పేరును గుర్తుంచుకోండి. ఈ కథలో అది మళ్ళీ వస్తుంది.

హెమింగ్స్ పేరు పుట్టుక గురించి మనకు చెప్పినవాడు ఎలిజబెత్ మనవడు మాడిసన్ హెమింగ్స్. ఒహాయో రాష్ట్రంలో స్థిరపడిన ఈ వడ్రంగి తన జీవిత కథని 1873లో పైక్ కౌంటీ రిపబ్లికన్ అనే పత్రికకు చెప్పాడు. తన ముత్తవ్వ ఆఫ్రికన్ స్త్రీ అనీ, ముత్తాత హెమింగ్స్ అనే ఇంగ్లీషు ఓడ కెప్టెన్ అనీ అన్నాడు. ఆ కెప్టెన్ బిడ్డను తన రక్తమని ఒప్పుకుని, కొనుక్కుంటానని వచ్చాడట. యజమాని జాన్ వేల్స్ అమ్మనన్నాడట. దొంగతనంగానైనా తీసుకుపోదామని కెప్టెన్ అనుకుంటే సంగతి బయటపడి, తల్లీబిడ్డల్ని పెద్దింటి లోపలికి మార్చేశారట. ఓడ వెళ్ళిపోయింది. పేరు మిగిలింది.

ఈ కథలో ఒక చిక్కుంది. ఎలిజబెత్ పుట్టినప్పుడు వేల్స్ ఇంట్లో లేదు. 1746లో మార్తా ఎప్స్ అనే యువతి జాన్ వేల్స్‌ని పెళ్ళాడినప్పుడు పెళ్ళికూతురి ఆస్తిలో భాగంగా అక్కడికి వచ్చింది. అంటే బిడ్డను అమ్మనన్న యజమాని వేల్స్ అయ్యుండడు. చాలాకాలం చరిత్రకారులు ఇలాంటి పొరపాట్లు చూపించి మాడిసన్ మాటల్ని మొత్తంగా కొట్టిపారేశారు. కానీ ఒక తరం చెప్పగా ఇంకో తరం విన్న కథలో యజమాని పేరు మారడం పెద్ద వింత కాదు. ముత్తవ్వ పేరు మాత్రం మాడిసన్ చెప్పలేదు. ఓడ కెప్టెన్ పేరు నాలుగు తరాలు దాటి వచ్చింది, బిడ్డను కన్నతల్లి పేరు రాలేదు. పేరు తల్లుల గుండా నడిచిన ఈ వంశంలో కూడా మొట్టమొదటి తల్లికి పేరు లేదు.

ఎలిజబెత్‌కు కనీసం పన్నెండుమంది పిల్లలు. వాళ్ళలో ఆరుగురికి తండ్రి యజమాని జాన్ వేల్స్. ఆ ఆరుగురిలో చివరిది సాలీ, 1773లో పుట్టింది. అదే ఏడు వేల్స్ చనిపోయాడు. అతని కూతురు మార్తా జెఫర్సన్ భార్య కాబట్టి, వేల్స్ ఆస్తి వాటాలో ఎలిజబెత్, ఆమె పిల్లలు జెఫర్సన్ ఎస్టేటైన మాంటిసెల్లోకి చేరారు. ఆ ఇంట్లో అక్క యజమానురాలు, చెల్లెళ్ళూ తమ్ముళ్ళూ బానిసలు. ఒకే తండ్రి బిడ్డలు. అయినా వేల్స్ ఇంటిపేరు వాళ్ళలో మార్తాదే.

1787లో పద్నాలుగేళ్ళ సాలీ, జెఫర్సన్ చిన్న కూతురికి తోడుగా పారిస్ వెళ్ళింది. మార్తా అప్పటికి ఐదేళ్ళ క్రితమే చనిపోయింది. జెఫర్సన్ అక్కడ అమెరికా రాయబారి. ఫ్రాన్సు గడ్డ మీద ఆమె కోర్టుకు వెళ్ళి విడుదల అడగగలదు. మాడిసన్ చెప్పిన ప్రకారం, 1789లో గర్భవతిగా ఉన్న సాలీ తిరిగి రానని మొండికేసింది. పుట్టే పిల్లలకు ఇరవై ఒక్క ఏట విడుదల ఇస్తానని జెఫర్సన్ మాటిచ్చాక ఓడెక్కింది. దీన్ని ప్రేమ అన్నవాళ్ళున్నారు. పదహారేళ్ళ పిల్లకి, నలభై ఆరేళ్ళ యజమానికి మధ్య ఆ మాట ఎలా వాడతారో నాకు అర్థం కాదు. కాదనే హక్కు చట్టంలో లేని మనిషి ఒప్పుకుందో లేదో మనం ఎలా తేలుస్తాం? నేను చూసేది ఆమె బేరాన్ని. తండ్రి పేరు ఇమ్మని ఆమె అడగలేదు. 1662 నాటి చట్టాన్ని తన పిల్లల దగ్గరైనా ఆపమంది.

బతికిన పిల్లలు నలుగురు: బెవర్లీ, హారియట్, మాడిసన్, ఎస్టన్. ఈ పేర్లు జెఫర్సన్ బంధుమిత్రుల వర్గంలోవి. ఇంటిపేరు మాత్రం తల్లిది. జెఫర్సన్ స్వయంగా రాసుకున్న ‘ఫార్మ్ బుక్’లో బానిసల పుట్టుకలు, బట్టలు, దుప్పట్ల లెక్కలున్నాయి. సాలీ పిల్లల పుట్టుకలూ అందులోనే ఉన్నాయి, తండ్రి ప్రస్తావన లేకుండా. చదువుతూ నా నోట్సులో నేనూ ‘సాలీ’ అనే రాసుకున్నాను. ఆయన్ని ఒక్కసారీ ‘థామస్’ అనలేదు, ‘జెఫర్సన్’ అన్నాను. చిట్టాపద్దు భాష రెండు వందల ఏళ్ళ తర్వాత నా చేతికీ అంటింది.

ఆ పేరు సొంతంగా రాసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఎలిజబెత్ కొడుకు జాన్ మంచి పనివాడు, కొయ్యపనిలో దిట్ట. చదవడం రాయడం నేర్చుకున్న అతను తన ఉత్తరాల్లో ఇంటిపేరుకు ఇంకో ‘ఎమ్’ చేర్చి రాసేవాడు. ఆ ఒక్క అక్షరమూ అతను తనంతట తాను ఎంచుకున్నది.

ఇంటిపేరు మాత్రమే పట్టుకుని వెతికితే ఈ కుటుంబంలో ఎక్కువమంది జారిపోతారు. ఎలిజబెత్ పెద్దకూతురు మేరీ, ఒక తెల్ల వర్తకుడితో జీవించి అతని ఇంటిపేరుతో ‘బెల్’ అయింది. మేరీ కొడుకు జోసెఫ్ ‘ఫాసెట్’. ఇంకో కూతురు బెట్టీ ‘బ్రౌన్’, ఆమె కొడుకులు ఒకరు ‘కోల్బర్ట్’, ఒకరు ‘హ్యూస్’. ఒక్క అవ్వ కడుపు, ఆరు ఇంటిపేర్లు. 1826లో జెఫర్సన్ చనిపోతూ వీలునామాలో ఐదుగురు మగవాళ్ళకు విడుదల రాశాడు. మాడిసన్, ఎస్టన్, జోసెఫ్ ఫాసెట్ వాళ్ళలో ఉన్నారు. వీలునామాలో ఆడవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. అప్పులు తీర్చడానికి 1827 జనవరిలో వేలం వేస్తే, జోసెఫ్ ఫాసెట్ భార్య ఈడిత్‌నీ పిల్లల్నీ పాడుకున్నారు. సాలీ హెమింగ్స్‌కి ఆస్తి జాబితాలో యాభై డాలర్ల వెల కట్టారు. ఆమెను జెఫర్సన్ కూతురు కాగితం లేకుండానే వదిలేసింది. 1835లో కన్నుమూసేదాకా కొడుకుల దగ్గరే ఉంది.

ఆ తర్వాత పేరు రెండు పాయలైంది. అన్నదమ్ములిద్దరూ ఒహాయో వెళ్ళారు. మాడిసన్ హెమింగ్స్‌గానే, నల్లజాతి మనిషిగానే బతికాడు. ఎస్టన్ 1852 ప్రాంతంలో విస్కాన్సిన్ రాష్ట్రానికి వెళ్ళి, పేరు ఎస్టన్ హెచ్. జెఫర్సన్ అని మార్చుకుని, తెల్లవాళ్ళలో కలిసిపోయాడు. తల్లి ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా కుదించుకుపోయింది. అతని కొడుకు జాన్ వేల్స్ జెఫర్సన్ అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో కల్నల్ అయ్యాడు. జెఫర్సన్ అల్లుడిదీ ఇతనిదీ ఒకే పేరు, ఎందుకంటే ఇద్దరికీ పూర్వీకుడు ఒక్కడే. ఆ సంగతి ఒక ఇంట్లో గర్వంగా చెప్పుకున్నారు, ఇంకో ఇంట్లో దాచుకున్నారు. ఎస్టన్ వారసులకు తమ మూలాలు తిరిగి తెలిసింది 1974లో ఫాన్ బ్రోడీ రాసిన జెఫర్సన్ జీవితచరిత్ర వచ్చాకే.

1998లో నేచర్ పత్రికలో డాక్టర్ యూజీన్ ఫాస్టర్ బృందం డి.ఎన్.ఏ. ఫలితాలు ప్రకటించింది. సాలీ పిల్లల తండ్రి జెఫర్సన్ మేనల్లుళ్ళైన కార్ సోదరుల్లో ఒకడని తెల్ల మనవలు ఏనాటి నుంచో చెబుతూ వచ్చారు. ఎస్టన్ వంశీకుడి వై క్రోమోజోమ్ కార్ వంశంతో కలవలేదు, జెఫర్సన్ వంశంతో కలిసింది. మిగతా సాక్ష్యాలన్నీ కలిపి చూసి, 2000లో మాంటిసెల్లోను నిర్వహించే సంస్థ కూడా ఆ తండ్రి థామస్ జెఫర్సనే అయ్యుండాలని ఒప్పుకుంది. అయినా జెఫర్సన్ వారసుల సంఘం 2002లో హెమింగ్స్ వారసుల్ని సభ్యులుగా చేర్చుకోవడానికి నిరాకరించింది.

ఇక్కడ మనం ఆగి చూడాల్సిన విషయం ఒకటుంది. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కే వెళుతుంది, ఇంటిపేరు లాగే. మధ్యలో ఒక్క కూతురు వస్తే దారి తెగిపోతుంది. పేరు మార్చుకుని, తల్లిని దాచుకున్న ఎస్టన్ కొమ్మలో మగ వరస నిలిచింది కాబట్టి అది పరీక్షకు నిలబడింది. తండ్రి ఫలానా అని నూట పాతికేళ్ళ ముందే పత్రికలో చెప్పిన మాడిసన్ కొమ్మ నిలబడలేదు. ఆ కొమ్మలో కథను దాచుకున్నవాళ్ళూ చెప్పినవాళ్ళూ ఎక్కువగా కూతుళ్ళు, మనవరాళ్ళు. మాడిసన్ కొడుకుల్లో ఒకరి సమాధి తవ్వి పరీక్ష చేద్దామంటే కుటుంబం ఒప్పుకోలేదు. తమ మాట సాక్ష్యంగా చాలదా అన్నది వాళ్ళ ప్రశ్న. 1997లో ఆనెట్ గోర్డన్-రీడ్ తన మొదటి పుస్తకంలో అడిగిందీ దాదాపు ఇదే. తెల్ల మనవల మాటని సాక్ష్యమన్నారు, మాడిసన్ మాటని పుకారు అన్నారు, ఎందుకని? ఆమె ఆ ప్రశ్న వేసింది డి.ఎన్.ఏ. ఫలితాలకు ఏడాది ముందు. కాగితాలు పక్షపాతం లేకుండా చదివితే చాలని ఆమె పుస్తకం రుజువు చేసింది.

ఇక హారియట్. 1822లో అన్న బెవర్లీ, తను మాంటిసెల్లో వదిలి వెళ్ళిపోయారు. ‘ఫార్మ్ బుక్’లో ఇద్దరి పేర్ల పక్కనా పారిపోయినట్టు నమోదైంది. కానీ జెఫర్సన్ చెప్పగా తానే హారియట్ చేతిలో యాభై డాలర్లు పెట్టి బండి ఎక్కించానని ఓవర్సీర్ ఎడ్మండ్ బేకన్ తర్వాత చెప్పాడు. ఆమె తెల్లజాతి స్త్రీగా వాషింగ్టన్‌లో బతికింది. పరువుగల ఒక తెల్లవాడిని పెళ్ళాడిందనీ, పిల్లలున్నారనీ మాడిసన్ చెప్పాడు. భర్త పేరు తనకు తెలుసనీ, జాగ్రత్త కోసం చెప్పననీ కూడా అన్నాడు. ఆమె మూలం బయటపడితే పిల్లలు ఏమైపోతారో అతనికి తెలుసు. చరిత్రకారిణి కేథరిన్ కెరిసన్ ఎన్నో రికార్డులు గాలించి, 2018లో జెఫర్సన్ కూతుళ్ళ మీద పుస్తకం తెచ్చింది. హారియట్ ఆచూకీ మాత్రం దొరకలేదు.

చదువుతున్నన్నాళ్ళూ నాకూ ఆ పేరు కావాలనిపించింది. పరిశోధకురాలి ఆశ అది. పెళ్ళితో ఇంటిపేరు మారడం మనకు నష్టంగానే తెలుసు. హారియట్‌కి ఆ మార్పే దాక్కునే చోటు. ఆడదాని పేరు చెరిపేసే ఆచారం చాటునే ఆమె చట్టానికి చిక్కకుండా వెళ్ళిపోయింది. దానికి వెలగా తల్లిని, తమ్ముళ్ళని, తన కథని వదులుకుంది. ఆమె తప్పించుకున్నందుకు సంతోషించాలో, అలా తప్పించుకోవాల్సి వచ్చినందుకు బాధపడాలో తేల్చుకోలేకపోయాను.

హెమింగ్స్ వంశవృక్షాన్ని నేను తల్లుల వరసలో గీసుకున్నాను. పైన పేరు లేని ఆఫ్రికన్ స్త్రీ, కింద ఎలిజబెత్, ఆ కింద మేరీ, బెట్టీ, సాలీ, వాళ్ళ తోబుట్టువులు, వాళ్ళందరి పిల్లలు. అందులో రెండు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. పైగడిలో ప్రశ్నార్థకం పెట్టాను. ఆ పేరు ఎవరూ రాయలేదు, రాసి ఉండాల్సింది. హారియట్ భర్త ఇంటిపేరు ఉండాల్సిన కిందిగడిలో ఏమీ పెట్టలేదు. ఆ పేరు తెలిసిన తమ్ముడు చెప్పకూడదనుకున్నాడు. ఆ గడిని అలాగే ఉంచాను.