గడపయొద్ద పాదరక్షలు: బెంగుళూరు తెలుగువారి అతిథిమర్యాద

మిత్రుని యింటికేగినవాడు చెప్పులు వాకిట విడిచి లోనికడుగిడుట బెంగుళూరు తెలుగువారికిని, వారి కన్నడ తమిళ పొరుగువారికిని సమానమైన ఆచారము. దీనిని ఎవరును ఎవరికిని పనిగట్టుకొని నేర్పరు. పిల్లలు పెద్దలను చూచి నేర్చుకొందురు. మిక్కిలి సామాన్యమగుటచేతనే కాబోలు దీని చరిత్ర నరయువారు తక్కువ. పాదరక్షలు విడుచుట అన్ని తావులందును ఒకే యర్థము గలది కాదు. ఒకచోట నది చనవు, వేరొకచోట లొంగుబాటు. ఈ రెంటిని వేరుపరచు గుర్తు మాత్రము సులభమైనదే: విడుచువాని యెదుట నున్నవాడు తానును వట్టికాళ్లతో నున్నాడా, లేదా యని చూచిన చాలును.

దేవపూజయందలి షోడశోపచారములలో ఆవాహనాసనముల వెంటనే వచ్చునది పాద్యము, అనగా కాళ్లు కడుగుటకు నీరు. వివాహమున కన్యాదాత వరుని పాదములు కడుగును. ఎండనబడి వచ్చిన చుట్టమునకు చెంబుతో నీళ్లిచ్చి “ముందు కాళ్లు కడుక్కోండి” అనుట పల్లెటూరి యిండ్లలో మొదటి మర్యాద. క్షేమసమాచారములు ఆ తరువాత. ఇందు శ్రమపడువాడు గృహస్థు, సేదదీరువాడు అతిథి. వట్టికాళ్లు అతిథి తక్కువతనమునకు చిహ్నమన్న భావ మీ వరుసలో ఎచ్చటను కానరాదు.

ఇంటి కట్టుబడియు నీ మర్యాదకు తగినట్లే యుండెడిది. కోస్తావారు అరుగనియు, రాయలసీమవారు తిన్నెయనియు పిలుచునది బెంగుళూరు పేట యిండ్లలో కన్నడమున జగలి. చెప్పులు దాని క్రింద నుండును. చెప్పులు విడువ నక్కరలేని పనులు, అనగా బాకీ వసూలు, బేరము, దారి యడుగుట మున్నగునవి, అక్కడనే ముగియును. పసుపు పూసిన గడప దాటినవాడు ఇంటి మనిషి. 1898లో వచ్చిన ప్లేగు తరువాత పేట యిరుకును విడిచి బసవనగుడికిని మల్లేశ్వరమునకును తరలినవారు అనేకులు. ఆ పేటలలోని పాత యిండ్లలో రెడ్ ఆక్సైడు పూసి నునుపుచేసిన ఎర్రని నేలలు నేటికిని అక్కడక్కడ మిగిలియున్నవి. అవి వేసవిలో చల్లన; వట్టికాళ్లు తిరిగినకొలది మెరుగెక్కును. ఇసుక నంటిన తోలుచెప్పు వానిపై గీతలు పెట్టును. నేలమీద కూర్చుండి, నేలమీదనే విస్తరి వేసుకొని భుజించు నింట వీధిదుమ్మునకు తావులేకుండుట కింతకంటె శాస్త్రప్రమాణ మక్కరలేదు.

అయితే చెప్పులు తొడుగుటయే యొకప్పుడు విశేషము. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, జనులలో అధికభాగము వట్టికాళ్లతోనే తిరుగుదురని వ్రాసెను. తొడుగువారి పాదరక్షలలో మొనదేలినవి కొన్ని, అట్టయు పట్టీలును మాత్రము గలవి కొన్ని. ఈ రెండవ రకమును అతడు పూర్వపు రోమనుల చెప్పులతో పోల్చినాడు. కావున వాకిట చెప్పులు విడుచుట చిరకాలము విడుచుటకు చెప్పులు గలవారి మర్యాదయే. తక్కినవారికి కాళ్లు కడుగుకొనుటతో సరి.

ఈ గృహాచారము రాజ్యవ్యవహారములోనికి లాగబడినది ఆంగ్లేయుల కాలమున. 1809లో బెంగుళూరు పేటకు చేరువనే వారి దండు వెలసినది మొదలు రెండు మర్యాదలు ఒకే యూరిలో ఎదురుపడెను. ఆంగ్లేయుడు గౌరవము చూపుటకు టోపీ తీయును, బూటు తీయడు. మనవాడు చెప్పు తీయును, తలపాగా తీయడు. ఎవరి పద్ధతి వారు పాటించిన చిక్కులేదు. కాని కంపెనీ యధికారులు కార్యాలయమునకును న్యాయస్థానమునకును వచ్చు భారతీయుడు చెప్పులు విడిచియే రావలెనని పట్టుపట్టిరి. తాము మాత్రము బూట్లతోనే కూర్చుండిరి. గవర్నరు జనరలు డల్హౌసీ పరిపాలించిన 1848-1856 నడుమ ఈ నియమము బిగిసెను. ఐరోపా వేషము ధరించినవారికి మాత్రము మినహాయింపు. సీమబూటునకు ప్రవేశము, స్వదేశపు చెప్పునకు నిషేధము! ఇందు శుచియెక్కడ?

1862లో సూరతు ఫౌజుదారీ అదాలతున అసెసరుగా నున్న మానెక్‌జీ కావస్‌జీ ఎంటీ యను పెద్దమనిషి సెషన్సు జడ్జి యెదుట పాదరక్షలు విడువ నిరాకరించెను. పెద్దలయెదుట చెప్పులు విడుచుట మీ దేశాచారమే కదాయని జడ్జి వాదన. ఆయనకు లోనికి ప్రవేశము లేకపోగా, బొంబాయి గవర్నరునకు నిరసనలేఖ పంపినాడు. ఆనాడు భారతీయులు చెప్పిన సమాధానము మన విషయమునకు మిక్కిలి దగ్గరిది: ఇంటను గుడియందును నేలపై కూర్చుందుము గనుక వీధిమురికి రానీయము, కచ్చేరి ఇల్లును కాదు, గుడియును కాదు. ఆచారమును దాని యింటినుండి పెరికి వేరొకచోట నాటిన అది ఆచారముగా నుండదని వారు గ్రహించిరి. 1870వ దశకమున అదే ఆంగ్ల ప్రభుత్వము తన దూత బర్మాలో మిండాన్ రాజు సమక్షమున బూట్లు విడువరాదని శాసించినది! రాజునకును దూతకును నడుమ సమావేశములే నిలిచిపోయెను.

మైసూరు సంస్థానమున ఈ తగవు ఆసనములయందు బయటపడెను. దసరా దర్బారున ఐరోపావారికి కుర్చీలును, భారతీయోద్యోగులకు నేలపై తివాచీయును వేయుట వాడుక. గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండమునుండి పూర్వులు తరలివచ్చిన తెలుగు కుటుంబమున జన్మించిన విశ్వేశ్వరయ్యగారు 1909లో సంస్థానపు ముఖ్య ఇంజనీరుగా చేరిరి. వారు ఒక యేడు దర్బారుకు వెళ్లి ఈ వింత చూచి, మరుసటి యేడు వెళ్లలేదని వారి జీవితచరిత్రలు చెప్పుచున్నవి. అడిగినపుడు కారణము దాచలేదు. తరువాత అందరికిని కుర్చీలు వచ్చినవి. నేలపై కూర్చుండుట వారికి అవమానమా? ఇంట కూర్చుండెడివారే. ఒకే సభలో కొందరినే కూర్చుండబెట్టుట అవమానము.

దొరలను నిందించి ఊరకుండుట సులభము. అదే తప్పు మన వీధులలోనే చిరకాలము జరిగినది, దానికి ఆంగ్లేయుడు కారణము కాడు. చెప్పులు కుట్టు మాదిగవాడు పెద్దకులముల యిండ్లముందు చెప్పులతో నడువరాదు, చేతబట్టుకొని పోవలెను. తిరుమల నడకదారి మొదట అలిపిరి పాదాలమండపమున భక్తులు స్వామి పాదరక్షలను శిరస్సున మోసి ప్రదక్షిణము చేయుదురు. అట్టి పాదరక్షలను కుట్టు చేతులవాని కాళ్లకు ఊరివీధిలో చెప్పులు నిషేధము! 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది. 1955లో దానికి శిక్షాశాసనమును ఏర్పడినది. అయినను తమిళనాట తిరుప్పూరు జిల్లా రాజావూరున, పూర్వము తెలుగునాటినుండి వలసపోయిన కంబళ నాయకులుండు వీధిలో, దళితులు సుమారు 60 మంది చెప్పులు తొడిగి నడచుట 2023 డిసెంబరున వార్త యయ్యెను. వీధి ఎవరి యిల్లును కాదు. అక్కడ చెప్పులు విడువుమనువాడు తాను విడిచి నిలువలేదు.

ఇంటి గడపయొద్ద ఈ లెక్క వేరు. గృహస్థు వట్టికాళ్లతో వచ్చి తలుపు తీయును. వచ్చినవాడు ఉద్యోగమున పైవాడైనను, క్రిందివాడైనను, లోన నందరి పాదములును ఒకే నేలపై నుండును. అయితే గడపవరకు పిలిచి లోనికి పిలువని యిండ్లును కలవు. కొందరికి జగలియే హద్దని తెలుపుటకు చెప్పులతో పనిలేదు. మంచినీళ్లు వాకిటికే తెచ్చియిచ్చుట చాలును. చెప్పులు విడువుమనుట ఆహ్వానమే యనుకొన్నచో, ఎవరిని విడువుమనరో వారిని తలచుకొనవలసి యుండును.

నేడు వైట్‌ఫీల్డు, మారతహళ్లి ప్రాంతములందలి అపార్టుమెంట్లలో కాపురమున్న తెలుగువారికి జగలి లేదు. తలుపు ప్రక్కన చెప్పులబీరువా యున్నది. కాళ్లకు నీళ్లిచ్చు చెంబు పోయినది. గృహస్థు “పరవాలేదు, వేసుకొనే రండి” అనును. అతిథి “ఎందుకులెండి” యని విడుచును. ఈ రెండు మాటలును దాదాపు మారకుండ జరుగును. పిలుచువాడు బలవంతపెట్టడు, వచ్చినవాడు అనుమతిని వాడుకొనడు. మోకాళ్ల నొప్పిగల వృద్ధులకు వాకిట నొక ముక్కాలిపీట వేయు యిండ్లు కొన్ని కలవు. మధుమేహముగలవారు వైద్యుని సలహాపై లోపల తొడుగుటకు వేరొక జత చెప్పులు సంచిలో తెచ్చుకొనుటయు కలదు, దానిని తప్పుపట్టువారు లేరు. మేజోళ్ల సంగతి మాత్ర మింకను తేలలేదు. బూటుతోబాటు వానిని గూడ విప్పి జేబులో పెట్టుకొనువారు కొందరు, వానితోనే సోఫాపై కూర్చుండువారు కొందరు.