బిల్డర్ పని మధ్యలో వదిలేశాడా? నష్టపరిహారం లెక్క ఇదీ..

ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌ను ఆనుకునే ఉంటుంది తార్నాక. అక్కడ ఇల్లు కట్టి, పై పోర్షన్లు విద్యార్థులకు అద్దెకివ్వాలని ఒకరు ప్లాన్ చేశారనుకుందాం. బిల్డర్ మధ్యలో చేతులెత్తేస్తే ఎంత అడగొచ్చు? కట్టిన డబ్బంతా వెనక్కి వస్తుందనుకుంటే పొరపాటే.

భారత కాంట్రాక్టు చట్టం-1872లోని సెక్షన్ 73 ప్రకారం.. ఒప్పందం తప్పడం వల్ల నేరుగా జరిగిన నష్టానికే పరిహారం.

లెక్క ఇలా: ఒప్పందం రూ.40 లక్షలు. బిల్డర్‌కు ఇచ్చింది రూ.25 లక్షలు. మిగతా పనికి వేరే కాంట్రాక్టర్ తీసుకున్నది రూ.22 లక్షలు. మొత్తం ఖర్చు రూ.47 లక్షలు. అంటే అసలు నష్టం రూ.7 లక్షలు.

అద్దె సంగతి? ఫలానా తేదీ నుంచి అద్దెకిస్తున్నట్టు ఒప్పందం నాడే బిల్డర్‌కు తెలిసి ఉండాలి. అప్పుడు నెలకు రూ.30 వేల చొప్పున 4 నెలల అద్దె రూ.1.20 లక్షలు కలుస్తుంది. మొత్తం రూ.8.20 లక్షలు. తెలియకపోతే అద్దె రావడం కష్టం. అందుకే ఆ మాట అగ్రిమెంట్‌లో రాయించుకోవాలి.

ఇవి మరవొద్దు:
* పని ఆపేశాక ఇంటిని ఊరికే వదిలేసి నష్టం పెంచుకుంటే, ఆ పెరిగిన భాగం రాదు.
* అగ్రిమెంట్‌లో జరిమానా రాసుకుంటే, సెక్షన్ 74 ప్రకారం పరిహారం దాన్ని మించదు.
* బిల్లులు, బ్యాంకు చెల్లింపులు, ఫొటోలు, ఇంజినీర్ అంచనా దాచుకోవాలి.
* ఒప్పందం తప్పిన నాటి నుంచి 3 ఏళ్లలోపు దావా వేయాలి.