జంట బొమ్మల అట్ట నుంచి హెడ్‌సెట్ దాకా: ఉపాధ్యాయ శిక్షణలో ఒక పాత కథ

వర్చువల్ రియాలిటీ (వీఆర్), ఆగ్మెంటెడ్ రియాలిటీ (ఏఆర్) పరికరాలతో పాఠం చెప్పడానికి ఉపాధ్యాయులను తయారుచేయడం ఈ శతాబ్దంలోనే మొదలైన పనిలా కనిపిస్తుంది. నిజానికి నూరేళ్లకు ముందే అమెరికా బడుల్లో స్టీరియోస్కోప్ అనే చేతి పరికరం చుట్టూ ఈ పని మొదలైంది. అప్పుడు ఎదురైన చిక్కుల్లో చాలా వరకు ఇప్పటికీ తీరలేదు.

ఒకే వస్తువును కుడికన్ను, ఎడమకన్ను కాస్త తేడాగా చూస్తాయి. మెదడు ఆ రెండు బొమ్మలను కలుపుకొని లోతును పసిగడుతుంది. ఈ సంగతిని ఇంగ్లండ్ శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టన్ 1838లో స్టీరియోస్కోప్ అనే రెండు అద్దాల పరికరంతో రాయల్ సొసైటీకి వివరించాడు. తరువాత మరో శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ అద్దాలకు బదులు కటకాలు వాడి పరికరాన్ని చిన్నది చేశాడు. 1851 లండన్ మహా ప్రదర్శనలో దానికి మంచి పేరు వచ్చింది. 1861లో బోస్టన్ వైద్యుడు, రచయిత ఆలివర్ వెండెల్ హోమ్స్ ఇంకా తేలికైన నమూనాను రూపొందించి, పేటెంట్ తీసుకోకుండా వదిలేశాడు. దాంతో ఎవరు పడితే వారు తయారుచేసి చవకగా అమ్మారు. ఈనాటి వీఆర్ హెడ్‌సెట్ లోపల పనిచేసేదీ వీట్‌స్టన్ సూత్రమే. తల తిప్పితే దృశ్యం కూడా తిరగడం మాత్రం కంప్యూటర్ పుణ్యం.

స్టీరియోస్కోప్‌ను బడికి చేర్చినవారు వ్యాపారులు. కాన్సాస్ రాష్ట్రంలోని ఒటావా ఊళ్లో 1880ల మొదట్లో ఎల్మర్, బెర్ట్ అనే అన్నదమ్ములు పెట్టిన అండర్‌వుడ్ అండ్ అండర్‌వుడ్ సంస్థ, కళాశాల విద్యార్థులను సెలవుల్లో ఇంటింటికీ పంపి జంట బొమ్మల అట్టలు అమ్మించేది. శతాబ్దం మారే నాటికి ఆ అట్టలు దేశాలవారీగా పెట్టెల్లోకి చేరాయి. పెట్టెతో పాటు ఒక పుస్తకం, కొన్ని పటాలు వచ్చేవి. పటం మీద ఎర్ర గీతలు రెండు ఒక బిందువు నుంచి విచ్చుకొని ఉండేవి: చూసేవాడు నిలబడ్డ చోటు ఆ బిందువు, అతని కంటికి ఆనే మేర ఆ గీతల మధ్య భాగం. బొమ్మ చూసి ముచ్చటపడి ఊరుకోకుండా, తాను ఎక్కడ నిలబడి ఏ దిక్కుకు చూస్తున్నదీ పిల్లవాడు తెలుసుకోవాలన్నది వారి ఉద్దేశం. ఈ పటాల వంటి ఏర్పాటు ఈనాటి చాలా వీఆర్ పాఠాల్లో లేకపోవడం లోటే.

ఆ సంస్థ కోసం ప్రపంచం తిరిగిన ఫొటోగ్రాఫర్ జేమ్స్ రికల్టన్ స్వయంగా బడిపంతులు. న్యూజెర్సీలోని మేపుల్‌వుడ్‌లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి, ఆ తరువాత కెమెరా పట్టాడు. అతని భారతదేశ పెట్టె 1907లో వచ్చింది. అందులో 100 దృశ్యాలు, వాటి వెంట నడిపించే పుస్తకం ఉన్నాయి. పుస్తకం ఉపాధ్యాయుడు తరగతితో మాట్లాడుతున్న ధోరణిలో సాగుతుంది: ఇక్కడ నిలబడండి, ఎడమవైపు చూడండి, ఆ మనిషి చేతిలో ఏముందో గమనించండి. అయితే ఏది గమనించాలో నిర్ణయించినవాడు ఆ కాలపు అమెరికన్ యాత్రికుడు. భారతదేశాన్ని ఎన్నడూ చూడని ఉపాధ్యాయులకు ఆ చూపును సరిచూసుకునే దారి లేదు.

బడులను అసలైన మార్కెట్‌గా మలచుకున్నది మాత్రం బి.ఎల్. సింగ్లీ 1892లో పెన్సిల్వేనియాలోని మీడ్‌విల్‌లో స్థాపించిన కీస్టోన్ వ్యూ కంపెనీ. దాని విద్యా విభాగం అమ్మిన వాటిలో పేరుపొందింది 600 అట్టల సంపుటి. దాని వెంట ఇచ్చిన లావుపాటి ఉపాధ్యాయ మార్గదర్శి అట్టల కన్నా విలువైనదని చెప్పవచ్చు. ప్రతి దృశ్యాన్నీ అందులో అనేక పాఠ్యాంశాల కింద చేర్చారు. వరిపొలం బొమ్మ ఒకటే అయినా భూగోళంలో ఒకచోట, ఆహారం గురించిన పాఠంలో మరోచోట, వ్యాసరచనలో ఇంకోచోట పనికొస్తుంది. రేపటి పాఠానికి ఏ అట్ట తీయాలో తెలియక తల పట్టుకునే టీచరుకు ఆ సూచికే శిక్షణ. పనిలో పనిగా ఎక్కువ అట్టలు అమ్ముకునే ఉపాయం కూడా అదే.

పెద్ద చిక్కు మరొకటి ఉంది. స్టీరియోస్కోప్‌లో ఒకసారి ఒక్కరే చూడగలరు. ఒకరు చూస్తుంటే తక్కిన తరగతి ఏం చేయాలి? అందుకే కీస్టోన్ అవే దృశ్యాలను గాజు స్లైడ్లుగా కూడా అమ్మింది. పిల్లలు ముందు ఒక్కొక్కరే అట్టను నింపాదిగా చూసి, తరువాత మ్యాజిక్ లాంతరు వెలుగులో గోడమీద అదే దృశ్యాన్ని అందరూ కలిసి చర్చించాలన్నది పద్ధతి.

కంపెనీలకు సంబంధం లేని శిక్షణ కూడా సమాంతరంగా సాగింది. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో ఆల్బర్ట్ బిక్‌మోర్ 1880లలోనే ఉపాధ్యాయుల కోసం లాంతరు బొమ్మలతో ఉపన్యాసాలు ఇచ్చాడు. రాష్ట్ర ప్రభుత్వం డబ్బు సాయం చేసింది. సెయింట్ లూయిస్ నగరం 1904 ప్రపంచ ప్రదర్శన ముగిశాక మిగిలిన వస్తువులతో 1905లో బడుల కోసం మ్యూజియం తెరిచింది. టీచర్లు కోరిన అట్టలు, స్లైడ్లు, నమూనాలు గుర్రపు బండిలో వారం వారం బడికి చేరేవి. 1918లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం దృశ్యబోధనను క్రెడిట్లున్న కోర్సుగా పెట్టింది. 1930ల మధ్యలో పెన్సిల్వేనియా రాష్ట్రం ఉపాధ్యాయ ధ్రువపత్రం కావాలంటే అలాంటి కోర్సు తప్పనిసరి చేసింది. అప్పటికి స్టీరియోస్కోప్ మోజు దాదాపు తీరిపోయింది. సినిమా, రేడియో వచ్చేశాయి. కీస్టోన్ సంస్థ కంటిపరీక్ష సామగ్రి వైపు మళ్లింది. దాని నెగటివ్‌లు ఇప్పుడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, రివర్‌సైడ్‌కు చెందిన మ్యూజియంలో ఉన్నాయి.

సినిమా, రేడియో, టీవీ ఒక్కొక్కటీ బడిని మార్చేస్తుందని గట్టిగా చెప్పినవారికి కొదవలేదు. 1986లో చరిత్రకారుడు లారీ క్యూబన్ ఒక పుస్తకంలో ఆ మూడింటి కథనూ పక్కపక్కన పెట్టి చూపాడు. టీచర్లు వాటిని అరుదుగానే వాడారు. పరికరం చేతికి అందకపోవడం, మరమ్మతుల బెడద, పాఠంతో పొంతన లేకపోవడం, వాడే నేర్పు లేకపోవడం అందుకు కారణాలు. తప్పు మొత్తం టీచర్ల మీద తోసే అలవాటుకు ఆ పుస్తకం మంచి జవాబు.

ఆ కథలో తెలుగు నేలకూ ఒక పుట ఉంది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. సైట్ అని పిలిచిన ఆ ప్రయోగంలో బడిపిల్లల కార్యక్రమాలతో పాటు ప్రాథమిక పాఠశాలల టీచర్లకు విజ్ఞాన బోధనలో శిక్షణ కూడా ఇచ్చారు. టీవీ ఒక్కటే సరిపోదని ముందే గ్రహించి రేడియో, అచ్చు పాఠాలు, చేసి చూసే పనులు, శిక్షణ కేంద్రం దగ్గర ఒక మార్గదర్శకుణ్ణి జతచేశారు. టీవీ చూపింది, పక్కనున్న మనిషి నేర్పాడు.

కంప్యూటర్ ఆధారిత వీఆర్ ప్రయోగశాలలో పుట్టింది. 1968లో ఐవన్ సదర్లాండ్ తయారుచేసిన తలకు తగిలించుకునే తెర, గదిలోని వస్తువుల మీదే గీతల బొమ్మలు కనిపించేలా చేసింది. అందుచేత వీఆర్, ఏఆర్ రెండింటికీ అది మూలపరికరం. బడి దాకా రావడానికి మరో పాతికేళ్లు పట్టింది. 1990లలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ హెచ్‌ఐటీ ల్యాబ్ వీఆర్ సామగ్రిని వ్యానులో వేసుకొని బడుల చుట్టూ తిరిగింది. సెయింట్ లూయిస్ గుర్రపు బండికి ఇంజిను తగిలించినట్టే. కొన్ని తరగతుల్లో పిల్లలే తమ పాఠానికి తగిన లోకాలను నిర్మించారు. అలాంటి చోట టీచరు నేర్చుకోవలసింది పరికరం నడపడం ఒక్కటే కాదు; పిల్లలు తనకన్నా ముందుంటే తరగతిని ఎలా నడిపించాలో కూడా. అదే దశకంలో నార్త్ కరోలినాలోని ఈస్ట్ కరోలినా విశ్వవిద్యాలయం వీఆర్‌ను బోధనలో వాడడంపై ప్రత్యేక ప్రయోగశాల నడిపింది. వీఆర్ ఎప్పుడు వాడాలన్న ప్రశ్నతో పాటు, ఎప్పుడు వాడకూడదన్న ప్రశ్ననూ అక్కడివారు తీసుకున్నారు. అమ్మకందారు ఎన్నడూ వేయని ప్రశ్న అది.

ఆ తరువాత శిక్షణ దిశే కొంత మారింది. సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రూపొందిన టీచ్‌లైవ్ అనే శిక్షణ సాధనంలో విద్యార్థులే కంప్యూటర్ బొమ్మలు. కొత్త టీచరు తెర ముందు నిలబడి పాఠం చెబుతుంటే ఆ బొమ్మ పిల్లలు అల్లరి చేస్తారు, ఎదురు ప్రశ్నలు వేస్తారు. తడబడితే మళ్లీ మొదటి నుంచి చెప్పవచ్చు. నిజమైన పిల్లవాడెవరూ నష్టపోడు.

సామాన్య బడికి వీఆర్‌ను చేర్చింది అట్టపెట్టె. 2014లో గూగుల్ విడుదల చేసిన కార్డ్‌బోర్డ్‌ను హోమ్స్ పరికరానికి మునిమనవడు అనవచ్చు: రెండు కటకాలు, మడత అట్ట, లోపల ఫోను. 2015లో ఆ అట్టపెట్టెలతో తరగతికి దృశ్యాలు చూపే ఎక్స్‌పెడిషన్స్ కార్యక్రమం మొదలైంది. గూగుల్ బృందాలు పెట్టెలతో బడులకు వెళ్లి టీచర్లకు వాడకం చూపించాయి. టీచరు చేతి ట్యాబ్లెట్‌లో ప్రతి దృశ్యానికీ వివరణ, అడగవలసిన ప్రశ్నలు ఉండేవి. ఏ పిల్ల ఎటు చూస్తోందో చిన్న ముఖాల గుర్తులు చెప్పేవి. కీస్టోన్ మార్గదర్శి, అండర్‌వుడ్ ఎర్ర గీతలు ఒకే తెర మీద కలిసినట్టయింది. ఒక్కరే చూడగలిగే పాత చిక్కూ తీరింది. కానీ 2021 జూన్ 30న ఎక్స్‌పెడిషన్స్ ఆగిపోయింది. దాని చుట్టూ పాఠాలు అల్లుకున్న టీచర్లు వేరే దారి వెతుక్కోవలసి వచ్చింది.

భారతదేశంలో సీబీఎస్ఈ 2020 జూలైలో ఫేస్‌బుక్‌తో కలిసి ఏఆర్ శిక్షణ ప్రకటించింది. తొలి దశకు పెట్టుకున్న లక్ష్యం 10,000 మంది టీచర్లు. నేర్పిన సాధనం ఫేస్‌బుక్ వారి స్పార్క్ ఏఆర్ స్టూడియో. 2025 జనవరిలో ఆ వేదికను మూసేశారు. మెనూలు, బటన్లు నేర్చుకున్నవారికి ఆ నేర్పు అక్కడితో ఆగింది. బొమ్మను పాఠంలో ఏ చోట పెట్టాలో, చూశాక పిల్లలను ఏమి అడగాలో నేర్చుకున్నవారికి మరో సాధనం దొరికితే చాలు. మరోవైపు ఎన్‌సీఈఆర్‌టీ తన పాఠ్యపుస్తకాలతో పనిచేసే ఏఆర్ యాప్‌ను తెచ్చింది. ఇక్కడ టీచరు కొత్త లోకాన్ని కట్టనక్కర్లేదు, తెలిసిన పుటకే బొమ్మ తోడవుతుంది.

ఇప్పటి శిక్షణలో కొత్తగా చేరినది జాగ్రత్తల భాగం. తల తిరిగే పిల్లలను గుర్తించడం, కూర్చోబెట్టి చూపడం, హెడ్‌సెట్ చేతులు మారినప్పుడల్లా తుడవడం, తయారీదారు పెట్టిన వయసు పరిమితి పాటించడం అందులోకి వస్తాయి. మెటా సంస్థ తన హెడ్‌సెట్లకు 13 ఏళ్ల వయసుగా ఉన్న హద్దును 2023లో, తల్లిదండ్రుల పర్యవేక్షణలో, 10కి తగ్గించింది. హెడ్‌సెట్‌లోని కెమెరాలు, సెన్సార్లు పిల్లల కదలికలను నమోదు చేస్తాయి కనుక ఆ సమాచారం ఎవరి దగ్గరికి పోతుందో అడిగి తెలుసుకోవడం కూడా టీచరు పనిలో చేరింది. స్టీరియోస్కోప్ కాలపు మార్గదర్శులకు ఆ బెంగ లేదు.