బోస్టన్ దీపస్తంభం: ఒక ప్రమాదం, మూడు లెక్కలు

దీపస్తంభాల చరిత్రను సాధారణంగా కట్టడాల చరిత్రగానే రాస్తారు. ఎత్తు, నిర్మించిన సంవత్సరం, వాడిన దీపం వంటి వివరాలతో అది ముగుస్తుంది. ఆ దీపాన్ని వెలిగించిన మనుషులు అందులో అరుదుగా కనిపిస్తారు. బోస్టన్ దీపస్తంభం విషయంలో మాత్రం తొలి కాపరి కుటుంబానికి జరిగిన ప్రమాదం మూడు వేర్వేరు చోట్ల నమోదైంది. ఆ మూడింటిలోనూ మృతుల లెక్క ఒకటి కాకపోవడం గమనార్హం.

ఇప్పటి అమెరికా సంయుక్త రాష్ట్రాల భూభాగంలో నిర్మించిన తొలి దీపస్తంభం ఇది. బోస్టన్ రేవు ముఖద్వారంలోని లిటిల్ బ్రూస్టర్ అనే చిన్న రాతి ద్వీపంపై 1716 సెప్టెంబర్ 14న తొలిసారి వెలిగింది. దాని నిర్వహణకు రేవుకు వచ్చిపోయే ఓడల మీద టన్నుకు ఒక పెన్నీ చొప్పున పన్ను విధించారు. తొలి కాపరి జార్జ్ వర్దీలేక్‌కు ఏడాదికి 50 పౌండ్ల జీతం ఇచ్చేవారు. అది చాలక ఆయన రేవులోకి వచ్చే ఓడలకు దారి చూపేవాడు, పక్క ద్వీపంలో గొర్రెలను పెంచేవాడు. 1717లో వచ్చిన తుఫానులో, ఆయన దీపాన్ని కనిపెట్టుకొని ఉన్న సమయంలో, 59 గొర్రెలు సముద్రం పాలయ్యాయి. దీపానికి, బతుకుతెరువుకు నడుమ ఆ ఉద్యోగం ఎలా నలిగిందో చెప్పడానికి ఈ ఒక్క ఘటన చాలు.

1718 నవంబర్ 3న వర్దీలేక్ బోస్టన్ నుండి ద్వీపానికి తిరిగి వస్తున్నాడు. ఓడకు లంగరు వేసి, అందరూ చిన్న పడవలోకి దిగి ఒడ్డుకు బయలుదేరగా ఆ పడవ బోల్తా పడింది. ఒడ్డు దగ్గరలోనే ఉంది. అయినా పడవలోని వారిలో ఒక్కరూ బతకలేదు.

మొదటి సాక్ష్యం ఆనాటి 'బోస్టన్ న్యూస్-లెటర్' పత్రిక. అది మృతులు ఆరుగురని చెబుతుంది. వారు వర్దీలేక్, భార్య ఆన్, కూతురు రూత్, పనివాడు జార్జ్ కట్లర్, వారితో ప్రయాణిస్తున్న జాన్ ఎడ్జ్, ఆ కుటుంబానికి బానిసగా ఉన్న ఆఫ్రికన్ షాడ్‌వెల్. కట్లర్ దేహం తప్ప మిగిలినవన్నీ దొరికాయని, వాటిని ఖననం చేశారని కూడా ఆ పత్రిక తెలిపింది.

రెండవ సాక్ష్యం బోస్టన్‌లోని కాప్స్ హిల్ శ్మశానంలో ఉన్న సమాధిరాయి. పక్కపక్కనే మూడు భాగాలుగా చెక్కిన ఆ రాతిపై తండ్రి, తల్లి, కూతురు పేర్లు మాత్రమే ఉన్నాయి. కుటుంబ సమాధి కనుక అది సహజమే అనవచ్చు. కానీ షాడ్‌వెల్ ఆ ఇంటివాడేనని పత్రిక చెప్పింది, అదీ ఆస్తిగా. పడవలో ఆ ఇంటివారితో కలిసి మునిగినవాడికి రాతి మీద చోటు దొరకలేదు.

మూడవ సాక్ష్యం మరీ ఆసక్తికరమైనది. అప్పటికి పన్నెండేళ్ల బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన అన్న జేమ్స్ అచ్చుశాలలో పని నేర్చుకుంటున్నాడు. అన్న ప్రోత్సాహంతో ఈ ప్రమాదంపై 'ది లైట్‌హౌస్ ట్రాజెడీ' అనే పాట కట్టి, అచ్చువేసి, వీధుల్లో తిరిగి అమ్మాడు. జరిగిన ఘటనను వెంటనే పాటగా కట్టి జనంలోకి తీసుకుపోవడం బుర్రకథ విన్న తెలుగువారికి కొత్త కాదు. పాట బాగా అమ్ముడుపోయింది. కవిత్వం రాసేవారు చివరికి బిచ్చగాళ్లవుతారని తండ్రి మందలించడంతో ఆ కుర్రవాడు దానిని మానుకున్నాడు. అరవై ఐదేళ్ల వయసులో ఆత్మకథ రాయడం మొదలుపెట్టినప్పుడు ఫ్రాంక్లిన్ ఆ పాటను తలచుకుంటూ, మునిగినవారు కెప్టెన్, ఆయన ఇద్దరు కూతుళ్లు అని రాశాడు. నిజానికి మరో కూతురు ఆ రోజు ద్వీపంలోనే ఉంది. ఆన్ స్థానంలోకి లేని కూతురొకరు వచ్చి చేరింది. షాడ్‌వెల్, కట్లర్, ఎడ్జ్ అసలే లేరు. ఫ్రాంక్లిన్ కీర్తి వల్ల ప్రచారం పొందింది ఈ మూడవ కథనమే.

వర్దీలేక్ తరువాత తాత్కాలికంగా నియమితుడైన రాబర్ట్ సాండర్స్ కూడా కొద్ది రోజులకే మునిగి చనిపోయాడు. 1719లో ద్వీపంపై పొగమంచు వేళల్లో హెచ్చరికగా పేల్చడానికి ఒక ఫిరంగిని ఉంచారు. 1776 జూన్‌లో బోస్టన్ రేవును విడిచి వెళుతూ బ్రిటిష్ సేన ఆ స్తంభాన్ని మందుగుండుతో పేల్చివేసింది. ఇప్పుడు కనిపించేది 1783లో తిరిగి కట్టి, 1859లో 89 అడుగులకు పెంచిన స్తంభం. కనుక తొలి దీపస్తంభం అన్న కీర్తి ఆ స్థలానిదే గాని ఇప్పటి కట్టడానిది కాదు. నిలిచి ఉన్నవాటిలో అత్యంత పాతది 1764 నాటి శాండీ హుక్ దీపస్తంభం.

1998లో బోస్టన్ దీపం యాంత్రికమైంది. అయినా అక్కడ మనిషి ఉండాలన్న 1989 నాటి చట్టం వల్ల కాపరి పదవి కొనసాగింది. 2003లో శాలీ స్నోమన్ ఆ పదవిని చేపట్టిన తొలి మహిళ అయ్యారు. 2023 చివర విరమించారు. అంతకుముందు ఆన్ వలె ఎందరో స్త్రీలు ఆ రాతి ద్వీపంలో కాపరుల భార్యలుగా, కూతుళ్లుగా బతికారు. కాపరుల పట్టికలో వారి పేర్లు లేవు.