నడిచే బెల్టు, నిలిచే చట్రము

బియ్యపు మిల్లు ప్రక్కగా నడిచిపోయిన వారికి ఈ దృశ్యము క్రొత్త కాదు. ఇంజను చక్రమును, లోపలి యంత్రపు చక్రమును కలుపుతూ తిరుగుచున్న బెల్టు ఉన్నట్టుండి ఒక ప్రక్కకు ఒరుగుతుంది, అంచు దాటుతుంది, టపీమని నేలమీద పడుతుంది. యజమాని బెల్టు అమ్మినవానిని తిడతాడు. అనుభవముగల మేస్త్రీ బెల్టు వంక చూడనైనా చూడడు. దారమొకటి తెప్పించి, ఈ చక్రమునకు ఆ చక్రము సూటిగా ఉన్నదా, ఇరుసులు ఒకదానికొకటి సమాంతరముగా ఉన్నవా అని పట్టి చూస్తాడు. లోపము సాధారణముగా అక్కడనే దొరుకుతుంది.

ఈనాడు మేము చెప్పదలచినది ఆ దారపు సంగతియే. బొగ్గు, ఇనుప ఖనిజము, కంకర, ఇసుక, ధాన్యము మొదలైన సరకులను సంచులలో కట్టకుండ, పెట్టెలలో పెట్టకుండ, విడి రాశిగానే మోసుకొనిపోయే యంత్రము బెల్టు కన్వేయరు. దాని చరిత్ర వ్రాసినవారు చాలమంది బెల్టునే పొగడినారు. బెల్టు నడుస్తుంది కనుక కంటికి కనబడుతుంది. దానిని మోస్తూ కదలక నిలిచియుండే చట్రమును గూర్చి ఎవరును ఎక్కువగా మాట్లాడరు.

చట్రమనగా ఏమో తెలిసికొనుటకు ఒక నులక మంచమును ఊహించుకొంటే చాలును. రెండు ప్రక్కల రెండు పొడుగాటి పట్టెలు. వాటిని ఎత్తి నిలిపిన కోళ్ళు. నులక ఉండవలసిన చోట మీటరుకు ఒకటి చొప్పున అడ్డముగా రోలర్ల వరుసలు. రోలర్ల మీద బెల్టు. ఈ మంచమును వందలకొలది మీటర్లు సాగదీసి, రెండు కొసలయందు రెండు పెద్ద డ్రమ్ములు పెట్టి, బెల్టును వాటి చుట్టును త్రిప్పినచో కన్వేయరు తయారైనది. సరకుతో పైన పోయిన బెల్టు వట్టిదై క్రిందినుండి తిరిగి వస్తుంది.

మొదట ఈ సాధనము మోసినది గింజలను, పిండిని మాత్రమే. అమెరికాలో ఆలివర్ ఇవాన్స్ అను మిల్లు నిర్మాత 1795లో అచ్చువేసిన గ్రంథములో తోలుతోగాని గుడ్డతోగాని చేసిన వెడల్పైన పట్టీ రెండు కప్పీల మీద తిరుగుతూ ధాన్యమును చేరవేయు విధానమును వర్ణించినాడు. ఇంగ్లండులో 1868 నాటికి లివర్‌పూల్ రేవులోని వాటర్లూ డాకు గిడ్డంగులలో ధాన్యమును బెల్టులమీద నడిపించినారు. రేవు ఇంజనీరు లిస్టరు, ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీకి చెందిన వెస్ట్‌మాకాట్ ఈ పనికి ముఖ్యులు. బల్లపరుపుగా ఉన్న బెల్టు ఎంతో వేగముగా నడిచినను గింజలు చెదరిపోకుండుట చూచి నాటివారు ఆశ్చర్యపడినారు. ధాన్యము తేలిక, మెత్తన. పైన కప్పు ఉన్నది, క్రింద చదునైన నేల ఉన్నది. చట్రమునకు అక్కడ పెద్ద పరీక్ష ఏమియు రాలేదు.

పరీక్ష రాళ్ళతో వచ్చినది. బల్లపరుపు బెల్టు మీద ముడిఖనిజము పోస్తే అంచులనుండి దొర్లిపోతుంది. అందుచేత బెల్టును దోనెవలె వంచవలసి వచ్చినది. ఆ వంపు కొరకు కొందరు నడుము సన్నముగా, కొసలు లావుగా ఉండే ఒంటి రోలరును చేసినారు. చూచుటకు ముచ్చటగానే ఉన్నది. కాని ఆ రోలరు ఒక చుట్టు తిరిగినప్పుడు లావైన కొస ఎక్కువ దూరము పోతుంది, సన్నని నడుము తక్కువ దూరము పోతుంది. వాటి మీద పరచిన బెల్టు ఒక్కటే. అది రెండు వేగములతో పోజాలదు గదా! కనుక ఎక్కడో ఒకచోట ప్రతిక్షణము రాపిడి తప్పదు. బెల్టు పైనుండి ఖనిజము కోస్తుంటే, క్రిందినుండి దానిని మోయవలసిన రోలరే అరగదీసినది. చివరకు ఒకే రోలరు బదులు మధ్య ఒకటి పడుకోబెట్టి, ఇరుప్రక్కల ఏటవాలుగా వేరు వేరు రోలర్లను నిలిపి, దేని ఇరుసు మీద దానిని తిరుగనిచ్చిన తరువాతనే బాధ తీరినది. నేటి కన్వేయర్లలో మనము చూచే మూడు రోలర్ల అమరిక ఇదే.

ఈ మార్పులకు పేరుపొందినవాడు థామస్ రాబిన్స్. 1891 ప్రాంతమున న్యూజెర్సీ కొండలలో థామస్ ఎడిసన్ ఇనుప ఖనిజమును పొడిచేసి అయస్కాంతములతో వేరుపరచు కర్మాగారమును నడుపుచుండెను. అక్కడి బెల్టులు త్వరత్వరగా పాడగుట రాబిన్స్ చూచినాడు. లోపలి నూలుగుడ్డ పొరలకంటె పైనున్న పలుచని రబ్బరే ఖనిజపు దెబ్బలకు ఎక్కువగా ఓర్చుకొన్నదని గ్రహించి, మీది రబ్బరును మందము చేసినాడు. దోనె రోలర్లతో కూడిన ఆయన పద్ధతికి 1896లో పేటెంటు, 1900లో పారిస్ ప్రదర్శనములో మహాబహుమానము లభించినవి. ఎడిసన్ ఖనిజపు వ్యాపారము మాత్రము నష్టముతో మూతపడినది. యజమాని నష్టపోయిన చోట పుట్టిన పరికరము లోకమంతట వ్యాపించుట విచిత్రమే.

బెల్టు కుదురుకొన్నది, ఇక చట్రము వంతు. తొలినాళ్ళలో పట్టెలు, కోళ్ళు కొయ్యతోనే చేసేవారు. కొయ్య ఎండకు ముడుచుకొంటుంది, వానకు ఉబ్బుతుంది, ఏటికేడు మెలిపడుతుంది. దానితో పాటు రోలర్లును వంకరపోతాయి. ఇక్కడ ఒక సూత్రమున్నది. కన్వేయరు దగ్గర పనిచేసినవారందరికి అది కంఠస్థము. ఎదురుగా వచ్చే బెల్టుకు రోలరుయొక్క ఏ కొస ముందు తగులుతుందో, బెల్టు ఆ కొసవైపునకే జరుగుతుంది. ఒక పట్టె రెండవదానికంటె కొంచెము ముందుకు జారితే చాలును, దాని మీది రోలర్లన్నియు కలిసి బెల్టును ఒకే ప్రక్కకు తోస్తాయి. అంచు చట్రమును ఒరుసుకొని చినుగుతుంది, సరకు ఒలుకుతుంది. అందుచేతనే కొయ్య పట్టెల స్థానమును ఉక్కు పట్టెలు ఆక్రమించినవి; రెండు పట్టెల నడుమ అడ్డకమ్మీలు, మూలకమ్మీలు వచ్చినవి.

మేము ఒకప్పుడు ఒక కర్మాగారములో ఈ సూత్రమును కన్నులార చూచినాము. బెల్టు కుడివైపునకు జారుచుండగా ఒక కుర్రవాడు కఱ్ఱతో దాని అంచును ఎడమవైపునకు నెట్టుచున్నాడు. అటుగా వచ్చిన ముసలి ఫిట్టరు, "ఒరే అబ్బాయ్, దాన్నెందుకురా పొడుస్తావు? కాళ్ళు చూడు, కాళ్ళు!" అన్నాడు. చూడగా కుడిప్రక్క ఒక కోలు క్రింది సిమెంటు దిమ్మ క్రుంగియున్నది. ఆ కఱ్ఱ ఏమాత్రము జారినను కుర్రవాని చేయి రోలరు క్రిందికి పోయి ఉండేదని ఇప్పుడు తలచుకొంటే ఒడలు జలదరిస్తుంది.

బరువు సంగతి చూతము. గంటకు 1000 టన్నుల ఇనుప ఖనిజము సెకనుకు 2 మీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. లెక్కవేస్తే మీటరు పొడవు బెల్టు మీద ఉండేది సుమారు 139 కిలోలు మాత్రమే. రెండు స్తంభముల నడుమ 20 మీటర్ల వంతెన మీదుగా బెల్టు పోతే, ఆ వంతెన మీద ఏ క్షణమునందైనను ఉండే సరకు మూడు టన్నులకు లోపే. ఇంతేనా అనిపిస్తుంది. కాని అదే వంతెన నేల మీద, 2 మీటర్ల వెడల్పున, ఒలికిన ఖనిజము జానెడైనా కాదు, 10 సెంటీమీటర్ల ఎత్తున పేరుకొన్నదనుకొనుడు. దాని బరువు 10 టన్నులు! బెల్టు మోస్తున్న దానికి మూడింతలకు పైగా బెల్టు జారవిడిచినది మోయవలసి వస్తుంది. ఇది ఏ ఉత్పత్తి లెక్కలోనికిని ఎక్కని బరువు. వానపడి తడిస్తే ఇంకను పెరుగుతుంది. చట్రమును, దానిని మోసే వంతెనను రూపొందించువాడు బెల్టు మీది సరకును మాత్రమే లెక్కించి ఊరకుంటే, కట్టడము కూలినప్పుడు ఆ లెక్కలో తప్పు ఎక్కడను కనబడదు. అందుచేతనే మా దృష్టిలో పారపట్టి ఒలికినదానిని ఎత్తిపోయు కూలివాడు కూడ ఆ వంతెనను నిలబెట్టువారిలో ఒకడు.

లాగుడు మరియొకటి. ముందు కొసనున్న డ్రమ్మును సరకుతో వచ్చే బెల్టు 10 టన్నుల బలముతోను, తిరిగిపోయే బెల్టు 3 టన్నుల బలముతోను లాగుచున్నవనుకొంటే, రెండును ఒకే దిక్కునకు లాగుతాయి కనుక డ్రమ్మును పట్టియుంచిన చట్రము మీద 13 టన్నులు పడుతుంది. డ్రమ్ము నేలకు ఎంత ఎత్తుననుంటే ఆ లాగుడు చట్రమును అంతగా బోర్ల పడద్రోయ జూస్తుంది. కన్వేయరు పొడుగునా సన్నగానున్న కోళ్ళు కొసకు వచ్చేసరికి ఏటవాలు కమ్మీలతో, పెద్ద దిమ్మలతో, లావైన బోల్టులతో బలిసియుండుట ఇందువలననే. సరకు పడే చోట రోలర్లను మరింత దగ్గర దగ్గరగా పెట్టి, రబ్బరు చుట్టలు తొడిగి, రాళ్ళ దెబ్బలను ఓర్చుకొనునట్లు చేస్తారు.

ఎండ కూడ ఒక బలమే. రాత్రికిని మధ్యాహ్నమునకును 30 డిగ్రీల తేడా వస్తే, 100 మీటర్ల ఉక్కు వంతెన 36 మిల్లీమీటర్లు, అనగా దాదాపు ఒకటిన్నర అంగుళము సాగుతుంది. రెండు కొసలను గట్టిగా బిగించిపెడితే ఆ ఉక్కు స్తంభమునైనా విరుస్తుంది, తానైనా వంగుతుంది. కనుక ఒక చోట బిగించి, మిగిలిన చోట్ల జరుగనిస్తారు.

ఇంత శ్రద్ధ ఎందుకని అడుగువారు 1950 సెప్టెంబరు 26వ తేదీని జ్ఞాపకము చేసికొనవలెను. ఆనాడు తెల్లవారుజామున ఇంగ్లండులో డెర్బీషైరు జిల్లా క్రెస్‌వెల్ బొగ్గుగనిలో భూమి లోపల ఒక బెల్టు చినిగినది. చినిగిన ముక్క, ఒక బెల్టునుండి మరియొక బెల్టు మీదికి బొగ్గు జారే చోట ఇరుకుకొన్నది. యంత్రము ఆగలేదు. రాపిడికి వేడి పుట్టి రబ్బరు అంటుకొన్నది. గనిలోని గాలి పోకడ ఆ పొగను, విషవాయువును లోపల పనిచేయుచున్న వారివైపు మోసికొనిపోయినది. 80 మంది మరణించినారు. మంట చేరక మునుపే వాయువు చేరినది. దాని పిమ్మట బ్రిటిషు గనులలో సులువుగా నిప్పంటుకొనని బెల్టులు తప్పనిసరి అయినవి. కాని రాపిడి పుట్టుటకు చినిగిన ముక్కయే కానక్కరలేదు. ఒరిగిన బెల్టు చట్రపు కమ్మీని ఒరుసుకొన్నను, ఒలికిన బొగ్గులో పూడుకుపోయి తిరుగని రోలరు మీద గంటల తరబడి జారినను పుట్టేది ఆ వేడియే. క్రింది బెల్టుకును నేలకును నడుమ పార ఆడునంత ఎత్తు ఉండితీరవలెనని గనుల ఇంజనీర్లు పట్టుపట్టుట ఊరక కాదు.

చట్రము గట్టిగా ఉండవలెనన్నంత మాత్రమున బిఱ్ఱబిగిసి ఉండవలెనని అర్థము కాదు. 1950 తరువాత గనులలో ఉక్కు పట్టెలకు బదులు ఇరుప్రక్కల రెండు ఉక్కు తాళ్ళను లాగి కట్టి, రోలర్లను వాటికి తగిలించు పద్ధతి వచ్చినది. పెద్ద బొగ్గు పెళ్ళ పడినప్పుడు తాడు ఊగి ఆ దెబ్బను మ్రింగివేస్తుంది. మన మంచములో పట్టెలకంటె నులకయే బరువును నేర్పుగా ఓర్చుకొనుట లేదా? అయితే తాళ్ళ బిగువు రెండు ప్రక్కల సమముగా లేకున్న మరల మొదటి బాధయే.

దూరము మాత్రము పెరుగుతూ వచ్చినది. 1924లో పెన్సిల్వేనియాలో ఒక బొగ్గుగనినుండి నదీతీరమునకు 4 మైళ్ళకు పైగా భూగర్భములోనే బెల్టులు నడిచినవి. 1940లో కాలిఫోర్నియాలో షాస్టా ఆనకట్టకు కంకర, ఇసుక సరఫరా చేయుటకు ఒప్పుకొన్న హెన్రీ కైజరు, రైలు కంపెనీ అడిగిన కూలి గిట్టక, రెడ్డింగ్ పట్టణమునుండి కొండలమీదుగా 9.6 మైళ్ళ కన్వేయరు కట్టించినాడు. అది ఒకే బెల్టు కాదు. ఒకదాని సరకును మరియొకటి అందుకొనే 26 బెల్టుల వరుస.

తెలుగువారికి ఈ కథలో చోటు విశాఖపట్టణము దగ్గర వస్తుంది. 1968లో బైలదిలా కొండలలో కిరండూల్ గని పని మొదలైనది. అక్కడి ఖనిజము అరకు సొరంగములగుండ రైలులో దిగి రేవునకు వచ్చినది. 1976లో వెలుపలి హార్బరు ఏర్పడిన పిమ్మట పెద్ద ఓడలే వచ్చి దానిని ఎత్తుకొన్నవి. వ్యాగనును పట్టి బోర్లించు యంత్రమునుండి నిలవ దిబ్బకు, దిబ్బనుండి ఓడ గర్భమునకు నడుమ దారియంతయు బెల్టులదే. పొరుగున కోరాపుట్ జిల్లాలో పంచపత్మాలి కొండనుండి దామన్‌జోడికి 14.6 కిలోమీటర్ల పొడవున బాక్సైటు దించు కన్వేయరులో బెల్టును లాగునది ఉక్కు తాళ్ళే. ఆ బాక్సైటునుండి తీసిన అల్యూమినా ఓడనెక్కుటకు విశాఖకే వస్తుంది.

రేవులో చట్రమునకు క్రొత్త శత్రువు ఉప్పుగాలి. ఎఱ్ఱధూళి ఉక్కు కమ్మీల మూలలలో నిలుస్తుంది. సముద్రపు తేమను పీల్చి వాటిని లోలోపల తింటుంది. కనుక సముద్రతీరమున కోణపు కమ్మీలను ధూళి నిలువకుండునట్లు నోరు క్రిందికి త్రిప్పి బిగించుట మంచిదంటారు. వీలున్నచోట గుండ్రని గొట్టములనే వాడతారు. ఆ పైన మనుష్యులు ఎక్కి తుప్పు గోకి రంగు వేయుట ఉండనే ఉన్నది. వారు నడుచుటకు బెల్టు వెంబడి ఒక సన్నని బాటను, పట్టుకొనుటకు ఒక కటకటాను కూడ చట్రముతో పాటే గీయవలెను.